మంచు ఎరగని ఊళ్ళో ధ్రువాల వారం

"పెంగ్విన్లు గింగ్విన్లు మన బిడ్డలకు ఎందుకుమ్మా? పెన్నేరు యాడ పుట్టిందో తెలీదు, మంచుకొండలు నేర్పిస్తారంట!"

మా వీధిలో ఒక అవ్వ అడిగిన మాట ఇది. ఆమె మనవడు వెళ్ళే మాంటిస్సోరి బడిలో ఆ వారమంతా ధ్రువ ప్రాంతాల పాఠం. ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం, తెల్ల ఎలుగుబంటి, పెంగ్విన్, మంచు. వాడికి నాలుగేళ్ళు. మా కమలాపురంలో ఏప్రిల్ వస్తే పొద్దున తొమ్మిదికే బండల మీద కాలు పెట్టలేం. చలి అంటే మాకు తెలిసింది ధనుర్మాసంలో శాలువా కప్పుకుని ముగ్గు వేయడం వరకే. అలాంటి చోట ఐసుగడ్డల పాఠం అంటే అవ్వకు నవ్వు రావడంలో వింతేముంది?

ఇలాంటి ప్రశ్నకు బడివాళ్ళు మామూలుగా చెప్పే జవాబు "జనరల్ నాలెడ్జ్ అండీ" అని. ఆ జవాబు నాకు నచ్చదు. నాలుగేళ్ళ బిడ్డకు జనరల్ నాలెడ్జ్ ఏమిటి? రేపేమన్నా గ్రూప్ వన్ రాయబోతున్నాడా? అవ్వ ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు ఉంది. అది తెలియాలంటే ఈ చదువు మన దక్షిణాదికి ఎలా వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి.

మారియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో పుట్టింది. ఆడవాళ్ళు వైద్యం చదవడమే వింతైన రోజుల్లో, 1896లో డాక్టరు పట్టా తీసుకుంది. 1907 జనవరిలో రోము నగరంలో శాన్ లోరెంజో అనే పేదల పేటలో కూలిపనులకు పోయే తల్లిదండ్రుల పిల్లల కోసం ఒక బడి తెరిచింది. దానికి 'పిల్లల ఇల్లు' అని పేరు. ఆ పేరు చూడండి, బడి అనలేదు, ఇల్లు అంది. అక్కడ పిల్లలకు పలకా బలపం ఇచ్చి కూర్చోబెట్టలేదు. నీళ్ళు ఒంపడం, గుండీలు పెట్టుకోవడం, ఊడ్చడం, గరుకు అక్షరాల మీద వేలు పెట్టి దిద్దడం. మనం రోజూ చేసే ఇంటిపనిని చదువు మొదటి మెట్టుగా పెట్టిన మనిషి ఆమె. ఇంటిపనికి విలువ కట్టే లెక్కలేమీ లేని మన లోకంలో ఆ ఒక్క సంగతికే ఆమె మీద నాకు గౌరవం.

1939 నవంబరులో ఆమె మద్రాసు వచ్చింది. అప్పటికి అరవై తొమ్మిదేళ్ళు. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి, అదే మన కళాక్షేత్రం రుక్మిణీదేవి, అడయారుకు పిలిపించారు. ఓల్కాట్ తోటలో తాటాకు పందిళ్ళు వేసి మూడు వందల మంది దాకా టీచర్లకు శిక్షణ. చాపల మీద కూర్చుని విన్నారు. ఆమె ఇటాలియన్‌లో చెబుతుంటే కొడుకు మారియో ఇంగ్లీషులోకి మార్చేవాడు. కొన్ని నెలల కోసమని వచ్చిన ఆమె ఆ శిక్షణ ముగించుకుని వెళ్ళిపోవాల్సింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఇటలీవాళ్ళంతా ఇంగ్లీషు ప్రభుత్వానికి శత్రువులయ్యారు. మారియోను పట్టుకుపోయి అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. ఆమెను అడయారు ఆవరణ దాటవద్దన్నారు.

ఇక్కడ ఆ తల్లీకొడుకుల కథ చెప్పాలి. మారియో 1898లో పుట్టాడు. పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ. ఆ కాలంలో సంగతి బయటపడితే ఆమె డాక్టరుగా, పంతులమ్మగా బతకడం కష్టం. అందుకని పల్లెలో ఒక కుటుంబానికి బిడ్డను అప్పగించింది. అప్పుడప్పుడూ వెళ్ళి చూసి వచ్చేది. లోకంలోని పిల్లలందరి గురించి రాసిన మనిషి తన బిడ్డ తొలి అడుగులు తన ఇంట్లో చూసుకోలేదు. పదిహేనేళ్ళ వయసు దగ్గర వాడు తల్లి దగ్గరికి వచ్చాడు. వచ్చాక కూడా పైకి మేనల్లుడనీ, పెంపుడు కొడుకనీ చెప్పుకోవలసి వచ్చింది. ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు, 1940 ఆగస్టు 31న, వైస్రాయి మారియోను విడుదల చేయించాడు. పుట్టినరోజు కానుకగా కొడుకును తిరిగి ఇస్తున్నామని తంతి వచ్చింది. ఆ తంతిలో 'కొడుకు' అని ఉంది. నలభై రెండేళ్ళు దాచిన మాటను సర్కారు కాగితం చెప్పేసింది. అది చదివినప్పుడు ఆమె ఏమనుకుందో గానీ, నాకైతే ఆ ఒక్క మాట దగ్గర చదవడం ఆగిపోయింది.

తర్వాత 1942 నుంచి సుమారు రెండేళ్ళు కొడైకనాల్‌లో ఉన్నారు. యుద్ధం వల్ల కదలలేని పరిస్థితి. అక్కడ రకరకాల వయసుల పిల్లలు ఒకేచోట చేరారు. కొండ మీది ఆకులు, పురుగులు, రాళ్ళు, చుక్కలు, అన్నీ పాఠాలే. చిన్నపిల్లలకు ముక్కలు ముక్కలుగా కాక మొత్తం విశ్వాన్నే ముందు పరిచయం చేయాలి, ఆ తర్వాతే వివరాలు అనే ఆమె ఆలోచన ఇక్కడే బాగా పండింది. ఇంగ్లీషులో దాన్ని 'కాస్మిక్ ఎడ్యుకేషన్' అంటారు. విశ్వవిద్య అనుకుందాం. దీని మీద ఆమె చెప్పిన మాటలు తర్వాత మద్రాసులోనే పుస్తకాలుగా అచ్చయ్యాయి. అంటే ఇది విమానం ఎక్కి నిన్నగాక మొన్న దిగిన సంగతి కాదు. మన పక్క కొండల మీద, మన వానలో తడిసి, మన పిల్లలను చూసి పెరిగిన ఆలోచన.

అవ్వ ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడ దొరుకుతుంది. మాంటిస్సోరి గదిలో భూగోళం ఊరి నుంచి మొదలు కాదు. మన బళ్ళలో ముందు మన ఇల్లు, తర్వాత మన వీధి, మన మండలం, మన జిల్లా. అక్కడ మొదట గ్లోబు ఇస్తారు. దాని మీద నేల గరుకు కాగితం, నీళ్ళు నున్నగా నీలంగా. పేర్లు లేవు, గీతలు లేవు. బిడ్డ కళ్ళు మూసుకుని వేళ్ళతో తడుముతూ ఇది నేల, ఇది నీళ్ళు అంటాడు. తర్వాత రంగుల గ్లోబు. ఆసియా పసుపు, ఆఫ్రికా ఆకుపచ్చ, యూరపు ఎరుపు, అంటార్కిటికా తెలుపు. తర్వాత కొయ్యతో చేసిన ఖండాల పజిలు. ఆ తర్వాత మన ఖండం, మన దేశం. పెన్నేరు వస్తుంది, కాకపోతే చివర వస్తుంది.

ఇది మంచి పద్ధతా, మన పాత పద్ధతి మంచిదా? నన్నడిగితే రెండూ పక్కపక్కన నడవాలి. బిడ్డకు ఊరూ కావాలి, లోకమూ కావాలి. మాంటిస్సోరిని మాత్రమే పట్టుకుని వేలాడేవాళ్ళతో నాకు పేచీ ఉంది.

తెలుగునాట ఈ చదువుకు పెద్దదిక్కుగా నిలిచినామె వి. కోటేశ్వరమ్మగారు. 1955లో విజయవాడలో మాంటిస్సోరి బడి పెట్టి, ఆడపిల్లల కాలేజీ వరకు తెచ్చారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకు ముందే గుజరాతులో గిజుభాయి బధేకా అనే ఆయన వకీలు పని వదిలి, సొంత కొడుకును ఎలా పెంచాలా అని వెతుక్కుంటూ మాంటిస్సోరి పుస్తకాలు చదివి, 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. మన దుడ్డుకు, మన వస్తువులకు సరిపడేలా ఆ పద్ధతిని మార్చుకున్న మనిషి. పాపం, 1939 జూన్‌లో పోయాడు. అదే ఏడు నవంబరులో మాంటిస్సోరి మద్రాసులో దిగింది.

ఇప్పుడైతే ఏ వీధిలో చూసినా మాంటిస్సోరి బోర్డే. లోపలికి వెళితే అవే బెంచీలు, అదే ఏబీసీడీ, అదే హోంవర్కు. బోర్డు చూసి ఫీజు కట్టకండి, ఒక గంట లోపల కూర్చుని చూస్తామని అడగండి. అన్నట్టు ఈ 'వారానికో పాఠం' అనేది కూడా అసలు మాంటిస్సోరి పద్ధతిలో లేదు. అక్కడ వస్తువులన్నీ అరల్లో ఉంటాయి, బిడ్డ తనకు కావలసింది తీసుకుని, తనివి తీరేదాకా పని చేసుకుంటాడు. సోమవారం మొదలెట్టి శనివారం మూసేయడం మన కిండర్‌గార్టెన్ అలవాటు. అయినా ఆ వారంలో చేయించిన పనులు విన్నాక, పోనీలే అనిపించింది.

ఏం చేయించారంటే, ముందుగా ఒక ట్రేలో ఐసుగడ్డ. ముట్టుకోవడం, కరిగేదాకా చూడటం, ఉప్పు చల్లితే ఏమవుతుందో చూడటం. తర్వాత డాల్డా పని. అది నాకు చాలా నచ్చింది. చిన్న ప్లాస్టిక్ సంచిలో డాల్డా వేసి, దాని మధ్యలో ఇంకో సంచి పెట్టి, ఆ లోపలి సంచిలో చెయ్యి దూర్చి చల్లటి నీళ్ళ గిన్నెలో ముంచాలి. రెండో చెయ్యి ఉత్తదే ముంచాలి. ఉత్త చెయ్యి జివ్వుమంటుంది, డాల్డా చెయ్యికి ఏమీ కాదు. చర్మం కింద కొవ్వు ఉన్న సీలు చేప, తిమింగలం చలిలో ఎలా బతుకుతాయో ఇంకో మాట అక్కర్లేకుండా అర్థమైపోతుంది. సీలు చేప అంటున్నాం గానీ అది చేప కాదు, బిడ్డకు పాలిచ్చే జంతువు. అమెరికాలో దీనికి వేరే కొవ్వు వాడతారు, ఇక్కడ డాల్డా డబ్బా ఉండనే ఉంది.

ఇంకో పని మా కడప బండతో. రెండు గిన్నెల్లో సమానంగా నీళ్ళు. ఒక దాంట్లో ఐసుగడ్డ నీళ్ళ మీద తేలుతుంది. రెండో దాంట్లో కడప బండ ముక్క పెట్టి, నీళ్ళపైకి తేలిన బండ మీద ఐసుగడ్డ. రెండూ కరిగాక చూస్తే మొదటి గిన్నెలో నీళ్ళ మట్టం మారదు, రెండో దాంట్లో పెరుగుతుంది. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం, దాని మీద తేలే మంచు. దక్షిణాన నేల, ఆ నేల మీద సగటున దాదాపు రెండు కిలోమీటర్ల మందాన మంచు. ఏది కరిగితే సముద్రం పొంగుతుందో పెద్ద క్లాసుల్లో ఎంత చెప్పినా పిల్లలు తడబడతారు. గిన్నెలో చూసిన బిడ్డ తడబడడు.

తెల్ల ఎలుగుబంటి ఉత్తరాన, పెంగ్విన్ దక్షిణాన. రెండూ ఎన్నడూ కలుసుకోవు. కథల పుస్తకాల్లో బొమ్మలు వేసేవాళ్ళు ఇద్దరినీ ఒకే మంచుగడ్డ మీద నిలబెడుతుంటారు, అది వేరే సంగతి. ఇక్కడ నా తెలుగు బి.ఏ. కొంచెం పనికొచ్చింది. గ్రీకు భాషలో 'ఆర్క్‌టోస్' అంటే ఎలుగుబంటి. ఉత్తరాకాశంలో పెద్ద ఎలుగుబంటి అని వాళ్ళు పిలిచే చుక్కల గుంపు వల్ల ఆ దిక్కుకు ఆర్కిటిక్ అని పేరు. దానికి ఎదురుగా ఉన్నది అంటార్కిటిక్. ఆ ఎలుగుబంటి చుక్కల్లోనే మన సప్తర్షులు ఉన్నారు. పెళ్ళిలో పురోహితుడు చూపించే అరుంధతి ఆ సప్తర్షుల్లోని వశిష్ఠుడి పక్కనే ఉంది.

మరి మన మాట ఏమిటి? ధ్రువం. ఈ మాట వెనకాల ఒక అయిదేళ్ళ పిల్లాడు ఉన్నాడు. తండ్రి ఉత్తానపాదుడి తొడ మీద కూర్చోబోతే సవతి తల్లి సురుచి లాగేసింది. ఏడుస్తూ తల్లి సునీతి దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి అడవికి పోయి తపస్సు చేసి, ఎవరూ కదిలించలేని చోటు సంపాదించుకున్నాడు. పోతన భాగవతంలో నాలుగో స్కంధం. సరిగ్గా ఈ బళ్ళోకి వెళ్ళే వయసు పిల్లాడి పేరు మీదే మన భాషలో భూమి రెండు కొసలూ ఉన్నాయి. మన అవ్వలు చుక్కను చూపించి ఈ కథ చెప్పినప్పుడు, వాళ్ళు కూడా ధ్రువ పాఠమే చెప్పారు. దేవతలకు ఒక పగలంటే మనకు ఆర్నెల్లు అనే మాట కూడా అందరికీ తెలిసిందే. సూర్యసిద్ధాంతంలో దాని లెక్క ఉంది. ఉత్తర కొసన ఉన్న మేరువు మీద నిలబడినవాళ్ళకు సూర్యుడు ఆర్నెల్లు కనిపిస్తూనే ఉంటాడు, ఆర్నెల్లు కనిపించడు. మనం పంచాంగంలో సంక్రాంతి నుంచి ఉత్తరాయణం లెక్కేస్తాం గానీ, ధ్రువం దగ్గర సూర్యుడు కనిపించేది మార్చి నుంచి సెప్టెంబరు వరకు. అంతమాత్రాన మన పూర్వీకులు ధ్రువంలో కాపురం ఉన్నారని నేననను. చుక్కలు చూసి లెక్క కట్టారు, అదే గొప్ప.

అవ్వకు వింతగా తోచిన ఆ ఐసుగడ్డకు కూడా ఒక చరిత్ర ఉంది. పుల్ల ఐసు, గోలీసోడా రాకముందు, ఐసు కార్ఖానా అనేదే లేని కాలంలో, మన దేశానికి మంచు అమెరికా నుంచి ఓడలో వచ్చేది. బోస్టన్ వర్తకుడు ఫ్రెడెరిక్ ట్యూడర్ చలికాలంలో అక్కడి చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోయించి, రంపపు పొట్టులో కప్పి, 1833లో కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణం. సగానికి పైగా కరగకుండా చేరింది. ఆ తర్వాత మద్రాసులో సముద్రపు ఒడ్డున మంచు దాచడానికి గుండ్రటి భవనం కట్టారు. అదే ఐస్ హౌస్. దొరల సారాయి చల్లబరచడానికి, జ్వరం వచ్చిన దొరసానుల నుదుటి మీద పెట్టడానికి ఆ మంచు. యంత్రంతో ఐసు తయారవడం మొదలయ్యాక ఆ వ్యాపారం పడిపోయింది. 1897లో వివేకానందుడు ఆ భవనంలో కొన్నాళ్ళు ఉన్నాడు, అందుకే ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. మధ్యలో ఇంకొకరు కూడా అక్కడ ఉన్నారు, వాళ్ళను ఎవరూ తలుచుకోరు. సిస్టర్ సుబ్బలక్ష్మిగారు చేరదీసి చదివించిన బాల వితంతువులు. బొమ్మలతో ఆడుకునే వయసులో పెళ్ళయి, మొగుడి ముఖం గుర్తులేకుండానే బొట్టు పోగొట్టుకున్న ఆడపిల్లలు మంచు దాచిన గోడల మధ్య కూర్చుని చదువుకుని టీచర్లయ్యారు.

ఇక ఆ వారంలో జరిగిందని ఆ బడిలో పనిచేసే అమ్మాయి నాకు చెప్పిన సంగతి. గరుకు గ్లోబు అందరి చేతుల్లోకీ వెళుతోంది. పైన ఉత్తర ధ్రువం, కింద దక్షిణ ధ్రువం అని చూపిస్తున్నారు. ఒక పాప గ్లోబును వదలడం లేదు. వెతుకుతోంది.

"ఏం వెతుకుతున్నావు నాయనా?" అని టీచరు అడిగింది.

"కువైట్ యాడుంది?"

మా కడప జిల్లాలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు. ఎన్ని ఇళ్ళలో తల్లులు కువైట్‌లో పరాయి పిల్లలను ఎత్తుకుని ఉన్నారో, వాళ్ళ పిల్లలు ఇక్కడ జేజి దగ్గర, అవ్వ దగ్గర పెరుగుతున్నారో మనందరికీ తెలుసు. ఆ పాపకు ఫోనులో అమ్మ ముఖం తెలుసు. అక్కడ ఎండ ఇక్కడికంటే ఎక్కువని తెలుసు. అమ్మ ఎక్కిన విమానం ఎంత దూరం పోయిందో తెలియదు. గరుకు గ్లోబు మీద దేశాలు ఉండవు. టీచరు ఆ పాప వేలు పట్టుకుని, ఇదిగో ఇది మనం, ఇదిగో ఈ నున్నటి నీళ్ళు దాటితే ఈ గరుకు నేల కొసన అమ్మ, అని రుద్దించిందట. అర బెత్తెడు కూడా లేదు. పాప మళ్ళీ మళ్ళీ రుద్దిందట. తర్వాత అక్కడి నుంచి పెంగ్విన్ దగ్గరికి వేలు జరిపి, "ఇంత దూరం లేదు" అందట.

పల్లెలో బిడ్డను వదిలి రోము నగరానికి వెళ్ళిన ఆ డాక్టరమ్మకు ఈ మాట వినిపించి ఉంటే బాగుండేది.

ఇదీ అవ్వకు నేను చెప్పే రెండో జవాబు. దూరదేశం మా పిల్లలకు పుస్తకంలో సంగతి కాదు. వాళ్ళ ఇంట్లో సంగతి. అందరికంటే ఎక్కువగా గ్లోబు కావలసింది వీళ్ళకే.

పెన్నేరు మాట కూడా తేల్చేద్దాం. పెన్న కర్ణాటకలో నందికొండల్లో పుట్టింది. పాపాఘ్ని కూడా ఆ వైపు నుంచే వచ్చి, మా కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి పాత రాళ్ళ వరసకు పాపాఘ్ని పేరే పెట్టారు. అవి దాదాపు 190 కోట్ల ఏళ్ళ నాటివి. వేంపల్లె వైపు రాళ్ళలో ఒకప్పటి లోతులేని సముద్రంలో పెరిగిన సూక్ష్మజీవుల పొరలు ఇప్పటికీ గుర్తులుగా ఉన్నాయి. మనం నడుస్తున్నది సముద్రపు అడుగు మీద. ఇంకో విచిత్రం వినండి. మన తూర్పు కనుమల రాళ్ళకు తోడబుట్టినవి తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి. రెండూ ఒకప్పుడు అతుక్కుని ఉన్న ఒకే నేల. పన్నెండు, పదమూడు కోట్ల ఏళ్ళ కిందట విడిపోయి, మన ముక్క ఉత్తరానికి వచ్చి ఎండలో పడింది, ఆ ముక్క దక్షిణానికి పోయి మంచు కింద పడింది. కలిసి ఉన్నప్పటి ఆ మహాఖండానికి గోండ్వానా అని పేరు. మన ఆదిలాబాదు నుంచి మధ్యప్రదేశ్ దాకా ఉన్న గోండుల పేరు మీద పెట్టిందే. పెంగ్విన్ నిలబడిన నేల మనకు పరాయిదేం కాదు, ఎప్పుడో అత్తారింటికి పోయిన అక్కచెల్లెలు.

ఆ చెల్లెలి ఇంటికి మనవాళ్ళు ఎప్పుడు వెళ్ళారు? మనుషుల కంటే ముందు మన కంచరగాడిదలు వెళ్ళాయి. కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్రకు సిమ్లాలో తయారు చేసిన ఏడు కంచరగాడిదలను ఇక్కడి నుంచి పంపారు. లాల్‌ఖాన్, గులాబ్, బేగం, రాణీ, అబ్దుల్లా, ప్యారీ, ఖాన్ సాహిబ్. అవి చేరేసరికి స్కాట్ ధ్రువం వైపు వెళ్ళిపోయాడు. 1912 చివర్లో అతణ్ణి వెతకడానికి పోయిన బృందంతో నడిచింది ఈ జంతువులే. మంచులో పాతుకుపోయిన గుడారం, లోపల స్కాట్, ఇద్దరు మిత్రులు, చనిపోయి ఎనిమిది నెలలు. ఈ పేర్లు పిల్లలకు చెబితే స్కాట్ పేరు మరిచిపోతారు గానీ గులాబ్‌ను మరవరు.

మన దేశం తరపున మొదటి యాత్ర 1981 డిసెంబరు 6న గోవా నుంచి బయలుదేరింది. డాక్టర్ ఖాసిం నాయకుడు, మొత్తం 21 మంది. నార్వే ఓడ. పెద్దగా ఎవరికీ చెప్పకుండా వెళ్ళారు. 1982 జనవరి 9న అంటార్కిటికాలో దిగారు. ఆ 21 మందిలో ఆడవాళ్ళు లేరు. మూడో యాత్రలో, 1983లో, ఇద్దరు వెళ్ళారు. సముద్రశాస్త్రం చదివిన అదితి పంత్, రాళ్ళశాస్త్రం చదివిన సుదీప్త సేన్‌గుప్తా. ఆ యాత్రలోనే దక్షిణ గంగోత్రి అనే మన మొదటి కేంద్రం కట్టారు. కొన్నేళ్ళకే అది మంచులో కూరుకుపోయింది. తర్వాత మైత్రి, 2012లో భారతి. భారతి కేంద్రాన్ని ఓడల మీద సరుకు తెచ్చే ఇనుప పెట్టెలు 134 పేర్చి కట్టారు. ఉత్తరం వైపు 2008 నుంచి నార్వే ద్వీపాల్లో హిమాద్రి కేంద్రం ఉంది. ఉత్తర ధ్రువపు మంచుకూ మన వానలకూ ఉన్న సంబంధం చూడటం కూడా అక్కడి పనుల్లో ఒకటి. వాన కోసం ఆకాశం చూసే మన రైతుకు అది అక్కరలేని విద్య కాదు.

అందరిలోకీ నాకు దగ్గరగా అనిపించేది మంగళా మణిగారు. ఇస్రో ఉద్యోగి. 2016 నవంబరులో భారతి కేంద్రానికి వెళ్ళేనాటికి ఆమె యాభై దాటింది. అంతకు ముందు మంచు కురవడమే చూడలేదట, మనలాగే. ఢిల్లీలో ఆరోగ్య పరీక్షలు, ఉత్తరాఖండ్ కొండల్లో శిక్షణ, అన్నీ ఆ వయసులో. 23 మంది బృందంలో ఆమె ఒక్కతే ఆడమనిషి. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునే కేంద్రంలో పని. ఆ సమాచారం చివరికి చేరేది ఎక్కడికనుకున్నారు? హైదరాబాదు పక్కన షాద్‌నగర్‌కు. బయటికి వెళ్ళాలంటే బరువైన బట్టలు వేసుకోవాలి, రెండు మూడు గంటలకు మించి ఉండలేరు. అలా 403 రోజులు ఉండి వచ్చింది. యాభై దాటిన ఆడమనిషి "ఇంకేముందిలే, మోకాళ్ళ నొప్పులు" అనుకునే ఊళ్ళల్లో ఈ కథ బడిలో పిల్లలకంటే ముందు ఇళ్ళల్లో చెప్పాలి.

ఈ కథ మా వీధి పిల్లలకు చెప్పినప్పుడు ఒకడు అడిగాడు, "ఆయమ్మకు ఆడ దోసెలు ఎవురు పోసిచ్చినారు?"

నవ్వొచ్చినా మంచి ప్రశ్న. మన కేంద్రాల్లో వంటమనిషి ఉంటాడు. కానీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు కాబట్టి, వంటింటి పనికి అందరికీ వంతులు ఉంటాయి. శాస్త్రవేత్త అయినా, ఇంజనీరు అయినా, నాయకుడైనా, తన వంతు వచ్చిన రోజు కూరగాయలు తరిగి, గిన్నెలు కడిగి, నేల తుడవాల్సిందే. వాడు నమ్మలేదు. "మగోళ్ళు కూడానా?" అన్నాడు.

"మగోళ్ళు కూడా," అన్నాను.